గాలిమరకు ముందు పడవ

2022 మే 13న కోనసీమలోని మురమళ్ళలో మత్స్యకారుల సభ జరిగింది. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఆ వేదిక మీద రెండు రకాల సొమ్ము విడుదల చేశారు. ఒకటి, వేట నిషేధ కాలానికి అప్పట్లో ఏటా ఇచ్చిన మత్స్యకార భరోసా. రెండోది, సముద్రంలో ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల వేట పోగొట్టుకున్న 23,458 కుటుంబాలకు పరిహారం. కుటుంబానికి నెలకు 11,500 రూపాయల చొప్పున 4 నెలలకు లెక్కగట్టారు. మొత్తం సుమారు 108 కోట్లయింది.

పైపు ఉండేది సముద్రం అడుగున. అడుగునున్న పైపు వల్ల పైన వేట ఎందుకు ఆగాలి? ఎందుకంటే పైపు తనంతట తాను అక్కడికి వెళ్లదు. దాన్ని పరచడానికి బార్జి కావాలి. బార్జి లంగర్లు ఎత్తి ముందుకు మార్చడానికి టగ్గులు కావాలి. మనుషులనూ సరుకునూ మోయడానికి సప్లయి బోట్లు, దారిలో వలలు పడకుండా చూడటానికి కాపలా పడవలు కావాలి. ఇవి తిరిగినంత మేర వల వేయడం కుదరదు. ఆ 108 కోట్లలో ఎక్కువ భాగం నౌకల రాకపోకల వల్ల మన తీరం నష్టపోయినదానికి వెలే అనుకోవచ్చు.

ఇప్పుడు దేశం సముద్రంలో గాలిమరలు నిలబెట్టాలనుకుంటోంది. వాటికి పడవల అవసరం పైపులైను కంటే చాలా ఎక్కువ. పైపు పరిచే నౌకలు కొన్ని నెలలు తిరిగి వెళ్లిపోతాయి. గాలిమరల దగ్గరికి పాతికేళ్ల పాటు, సముద్రం ఒప్పుకున్న ప్రతిరోజూ పడవ వెళ్లాలి. ఆ పడవలను ఎలా లెక్కగడతారో, ఎక్కడ లెక్క తప్పుతుందో తీరంలో ఉన్నవాళ్లం ముందే తెలుసుకోవాలి.

కోనసీమ సముద్రానికి ఈ వ్యవహారం కొత్తదేమీ కాదు. రవ్వ క్షేత్రం 1987లో బయటపడింది, 1993 నుంచి చమురు ఇస్తోంది. దాని తీర కేంద్రం ఎస్.యానాంలో ఉంది. సముద్రంలో మనుషులెవరూ కాపురముండని 8 వేదికలున్నాయి. వాల్వు బిగించాలన్నా, తుప్పు గీకి రంగు వేయాలన్నా, మీటరు చూడాలన్నా ఒడ్డు నుంచి మనిషి పడవలో వెళ్లి, పని చేసి, తిరిగి రావాలి. రిలయన్స్ డీ6 క్షేత్రం 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ యంత్రాలు చాలావరకు సముద్రం అడుగునే ఉంటాయి. మనిషి దిగలేని లోతు కనుక సహాయ నౌక మీది నుంచి యంత్రపు చేతులు దించి మరమ్మతు చేస్తారు. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి తొలి చమురు వచ్చింది. దాన్ని నిల్వ చేసేది కాకినాడకు ఎదురుగా నీటిమీద తేలుతూ ఉండే పెద్ద ఓడ. వీటన్నిటికీ దన్ను కాకినాడ రేవు. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ చాటున అక్కడి నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి.

గాలిమరకు వీటిలో దగ్గరి పోలిక రవ్వ వేదికలదే. చమురు వేదిక పెద్దదైతే వందమంది అక్కడే తిని, పడుకుని, మరమ్మతులు చేసుకుంటారు. గాలిమరలో ఎవరూ ఉండరు. 500 మెగావాట్ల క్షేత్రమంటే మనుషులు లేని స్తంభాలు యాభై, కిలోమీటరు పైచిలుకు ఎడంతో సముద్రంలో పరుచుకుని ఉంటాయి. బ్రేకు ప్యాడ్లు అరుగుతాయి, సెన్సర్లు చెడిపోతాయి, ఉప్పుగాలికి రెక్కల అంచులు చెక్కుకుపోతాయి. క్షేత్రం జీవితకాలపు ఖర్చులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా నిర్వహణకే పోతుంది. అందులో పెద్ద వాటా పడవలది.

ప్రపంచంలో మొదటి సముద్ర గాలిమరల క్షేత్రాన్ని 1991లో డెన్మార్క్ వాళ్లు విండెబీ దగ్గర కట్టారు. 450 కిలోవాట్ల యంత్రాలు 11. ఒడ్డు కనిపిస్తూనే ఉండేది కనుక చిన్న పడవలు సరిపోయాయి. తర్వాత యంత్రాలు పెద్దవయ్యాయి, క్షేత్రాలు ఒడ్డుకు దూరం జరిగాయి. పడవల సంగతి ప్రత్యేక శాస్త్రమైంది.

ఇప్పుడు వాడే నౌకల్లో చిన్నది, రోజూ వెళ్లి వచ్చే సిబ్బంది పడవ. జంట పొట్టలది, పాతిక మీటర్ల లోపు ఉంటుంది. సాధారణంగా 12 మంది సాంకేతిక సిబ్బందిని తీసుకెళ్తుంది. స్తంభం దగ్గరకు చేరాక అది తాడు కట్టుకోదు. స్తంభానికి రెండు నిలువు ఉక్కు గొట్టాలుంటాయి. సరంగు పడవ మూతికున్న దట్టమైన రబ్బరు దిండును వాటికి ఆనించి, ఇంజను ముందుకు తోస్తూనే ఉంటాడు. ఆ ఒత్తిడి, రాపిడి కలిసి పడవ మూతిని గొట్టాలకు అదిమిపెడతాయి. వెనక భాగం కెరటాలకు ఊగుతున్నా మూతి కదలకూడదు. డెక్కు మీది మనిషి నడుము పట్టీకి పైనుంచి వేలాడే తాడు తగిలించుకుని, రెండు మూడు కెరటాలు పోనిచ్చి, పడవ పైకి లేచి నిలిచిన క్షణంలో ఒక్క అడుగు వేసి నిచ్చెన పట్టుకుంటాడు. అక్కడి నుంచి భవనమంత ఎత్తు నిట్టనిలువుగా ఎక్కాలి. నిచ్చెన మీద ఉండగా పెద్ద కెరటం వచ్చి రాపిడి పట్టు జారిందంటే పడవ ఒక్కసారిగా పైకి లేస్తుంది. మనిషి కాళ్లు దానికీ స్తంభానికీ మధ్య ఉంటాయి. ఈ ఒక్క అడుగు కోసమే ప్రణాళిక మొత్తం తయారవుతుంది.

ఆ అడుగుకు మామూలుగా పెట్టుకునే హద్దు ఒకటిన్నర మీటరు కెరటం. ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. సూచనల్లో చెప్పే కెరటం ఎత్తు, వచ్చే కెరటాల్లో పెద్దవైన మూడో వంతు ఎత్తుల సగటు. ఒకటిన్నర అని చెప్పిన రోజున కొన్ని గంటల్లో మూడు మీటర్లకు దగ్గరగా ఒంటరి కెరటం రావచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సముద్ర సూచనల్లో ఇచ్చేది ఈ సగటునే. ఆ అంకెను ఆ రోజు వచ్చే అతిపెద్ద కెరటం ఎత్తు అనుకుంటే ప్రమాదం.

రెండో రకం నౌక ఎనభై తొంభై మీటర్ల పొడవుంటుంది. యాభై అరవై మంది సిబ్బందితో రెండు నుంచి నాలుగు వారాలు సముద్రంలోనే ఉంటుంది. లంగరు వేయకుండా, ఉపగ్రహ సంకేతాల సాయంతో తన ప్రొపెల్లర్లను తానే సర్దుకుంటూ ఒక్కచోట నిలుస్తుంది. నౌక ఎంత ఊగినా కొస కదలకుండా తనను తాను సవరించుకునే నడక వంతెన దానికి ఉంటుంది. రెండున్నర, మూడు మీటర్ల కెరటాల్లోనూ దాని మీద మనిషి నడిచి స్తంభంలోకి వెళ్లగలడు. మన కొచ్చిన్ షిప్‌యార్డు ఇప్పుడు యూరప్ కంపెనీలకు ఈ తరహా నౌకలు కడుతోంది. మన సముద్రంలో గాలిమర ఒక్కటీ లేకముందే మన కార్మికులకు ఈ నౌక కట్టడం వచ్చింది. ఈ విషయంలో దేశం నిజంగా గర్వపడాలి.

ఇక లెక్క చూద్దాం. కింది అంకెలు లెక్క నడక తెలియడానికి నేను అనుకున్నవి.

పది మెగావాట్ల యంత్రాలు యాభై ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి ఏడాదికోసారి చేసే సర్వీసు ముగ్గురి జట్టుకు ఐదు రోజుల పని. అది 250 జట్టు దినాలు. చిన్నాచితకా లోపాల కోసం యంత్రానికి ఏడాదిలో ఆరుసార్లు వెళ్లాల్సి వస్తే 300. మొత్తం 550. పన్నెండు మందిని మోసే పడవ రోజుకు నాలుగు జట్లను దింపగలదు కనుక 138 రోజుల ప్రయాణం చాలు. సముద్రం ఏడాదిలో 180 రోజులు అనుకూలిస్తుందనుకుందాం. పడవ సొంత మరమ్మతుకు పాతిక రోజులు తీసేసినా 155 మిగులుతాయి. అంటే ఒక్క పడవ సరిపోయినట్టే.

కాగితం మీద సరిపోయిన ఈ లెక్క నీళ్లమీద సరిపోదు. ఏటేటా చేసే సర్వీసును ప్రశాంతమైన నెలలకు జరపవచ్చు. లోపాలు క్యాలెండరు చూసి రావు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లో వంద లోపాలు వస్తాయి. ఆ నెలల్లో ఒకటిన్నర మీటరు లోపు కెరటం ఉండే రోజులు పాతికే దొరికాయనుకోండి. అవీ ఒక గుంపు ఇప్పుడు, ఒక గుంపు మూడు వారాల తర్వాత వస్తాయి. వందలో నలభై లోపాలు యంత్రాన్ని ఆపేసేవై, ఒక్కోటి సగటున ఎనిమిది రోజులు పడవ కోసం ఎదురుచూస్తే, 320 యంత్ర దినాల కరెంటు పోయినట్టు. నైరుతి గాలి బాగా వీచే కాలం కనుక ఒక్కో యంత్రం తన సత్తాలో అరవై శాతం తీస్తుందనుకుంటే రోజుకు 1,44,000 యూనిట్లు. మొత్తం దాదాపు 4.6 కోట్ల యూనిట్లు. యూనిట్ 4 రూపాయలైతే 18 కోట్ల పైచిలుకు.

చాలామంది ఇక్కడ రెండో చిన్న పడవ కొంటారు. దానివల్ల ఒరిగేది తక్కువ. రెండు మీటర్ల కెరటం ఉన్న రోజున ఒక పడవ వెళ్లలేకపోతే పది పడవలూ వెళ్లలేవు. కావలసింది ఇంకో పడవ కాదు, ఇంకో అర మీటరు కెరటాన్ని తట్టుకునే నౌక. వానకాలం నాలుగు నెలలకైనా పెద్ద నౌకను అద్దెకు తెచ్చుకుంటే, ఆ అద్దె పోయే కరెంటు విలువకంటే తక్కువ పడుతుందా అన్నదే అసలు ప్రశ్న. నౌకల ప్రణాళికలో ముందు తేల్చుకోవలసిన అంకె పడవల సంఖ్య కాదు, కెరటం హద్దు. ఏ సంస్థ ప్రణాళిక తెచ్చినా మొదట చూడవలసింది దాన్నే.

కెరటం హద్దుతో పాటు, సముద్రం ఆ హద్దు లోపల ఎంతసేపు నిలుస్తుందన్నదీ ముఖ్యం. యానాం వంతెన రాకముందు ఎదుర్లంక రేవులో గోదావరి దాటినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. అవతలికి వెళ్లడం ఒక ఎత్తు, చీకటి పడకుండా ఆఖరి పంటు అందుకోవడం ఒక ఎత్తు. గాలిమర పనీ అంతే. పొద్దున్న ఎనిమిదింటికి జట్టును దింపితే సాయంత్రం ఐదింటికి మళ్లీ ఎక్కించుకోగలగాలి. మధ్యాహ్నం మూడింటికి కెరటం లేస్తుందని సూచన ఉంటే ఉదయం సముద్రం అద్దంలా ఉన్నా పడవ కదలకూడదు. పడవ తిరిగి రాలేకపోతే జట్టు రాత్రంతా స్తంభంలోనే ఉండాలి. అందుకే లోపల ఆహారం, నీళ్లు, దుప్పట్లు ఉంచుతారు.

గేర్‌బాక్సో రెక్కో మార్చాల్సి వస్తే ఈ పడవలేవీ పనికిరావు. కాళ్లు సముద్రపు అడుగుకు దించి, తన దేహాన్ని నీటిపైకి ఎత్తుకునే క్రేన్ నౌక రావాలి. దాన్ని నెలల ముందే మాట్లాడుకోవాలి. వచ్చాక కెరటం ఒక్కటే తగ్గితే చాలదు, గాలీ తగ్గాలి. వంద మీటర్ల రెక్కను గట్టి గాలిలో ఎత్తకూడదు. వరుసగా కొన్ని రోజులు అలాంటి ప్రశాంతత దొరకాలి. గోదావరి నోటి దగ్గర ఇంకో చిక్కుంది. నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన బురద మెత్తన. కాళ్లు ఎంత లోతుకు దిగితే పట్టు దొరుకుతుందో ముందే మట్టి పరీక్షలు చేసి తేల్చుకోవాలి. ఒక కాలు ఉన్నట్టుండి దిగబడితే నౌక ఒరిగిపోతుంది.

ఇక మన బంగాళాఖాతం ఏడాదిని ఎలా పంచుకుంటుందో చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి కెరటం, దానికి తోడు గోదావరి వరద. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో ఈ ఊళ్లకు తెలుసు. వేటకు వెళ్లి తిరిగిరాని వాళ్లెందరో. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం శాంతంగా ఉంటుంది. సర్వీసు పనులకు అదే సరైన కాలం. కానీ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి గోదావరి తీరానికీ హోప్ ఐలాండ్‌కూ వచ్చేదీ ఆ నెలల్లోనే. పడవలు వేగం తగ్గించుకోవాలి, దారి మార్చుకోవాలి. దానివల్ల ప్రయాణం పొడవై, పని గంటలు తగ్గుతాయి. ఆ తగ్గుదలను లెక్కలో ముందే వేసుకోవాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. బార్జీలు, క్రేన్ నౌకల భారీ పనులు ఆ 61 రోజుల్లో పెట్టుకుంటే వలలకూ నౌకలకూ ఘర్షణ చాలావరకు తప్పుతుంది. మొదట ఆలోచించవలసిన ఏర్పాటు ఇదే. అయితే మేలోనూ తుపానులొస్తాయి. మురమళ్ళ సభకు రెండు రోజుల ముందే, మే 11న, అసాని బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటింది. కాబట్టి ఆ రెండు నెలలనూ పూర్తిగా నమ్ముకోకుండా, నౌక ఎప్పుడు పని ఆపాలో, ఏ రేవుకు ఎన్ని గంటల ముందు బయల్దేరాలో ముందే రాసి ఉంచాలి.

ఆ రాత లేకపోతే ఏమవుతుందో పడమటి తీరం చూసింది. 2005 జులై 27న ముంబై హైలో సముద్ర సురక్ష అనే సహాయ నౌక, గాయపడిన తన వంటమనిషిని చమురు వేదిక మీదికి చేర్చడానికి దగ్గరికి వచ్చింది. వానకాలపు కెరటం, హెలికాప్టర్లు ఎగరలేని వాతావరణం. నౌక వెళ్లి గ్యాసు గొట్టానికి తగిలింది. సుమారు రెండు గంటల్లో వేదిక మొత్తం కాలిపోయింది. 22 మంది చనిపోయారు. 2021 మే 17న తౌక్టే తుపానులో పీ305 బార్జి 261 మందితో లంగరు తెగి కొట్టుకుపోయి మునిగింది. దాని మీదా వరప్రద టగ్గు మీదా కలిపి 80 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. హెచ్చరికలు రోజుల ముందే వచ్చాయి. మిగతా నౌకలు చాలావరకు రేవుకు వెళ్లాయి. ఈ రెండు ఘటనల్లోనూ ప్రాణాలు తీసిన నౌకలు సహాయానికీ బసకూ పెట్టుకున్నవే. నౌకను ఆపే అధికారం సముద్రం మీదున్న కెప్టెన్‌కు ఉండాలి. పని ఆగినందుకు అతని మీద జరిమానా పడే ఒప్పందం రాస్తే అది మనుషుల ప్రాణాలతో చేసిన ఒప్పందమే అవుతుంది.

సముద్ర గాలిమరల విషయంలో కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. 2024 జూన్‌లో గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్ల కోసం 7,453 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో 600 కోట్లు రెండు రేవుల మెరుగుదలకు కేటాయించారు. ఆంధ్ర తీరం ఆ మొదటి జాబితాలో లేదు. గోదావరి ముఖాన సముద్రం తొందరగా లోతెక్కుతుంది, నేలలో పాతే స్తంభాలకు చోటు తక్కువ. తేలే పునాదులు చౌకయ్యాక మన వంతు రావచ్చు. అంతవరకు సమయం ఉందని ఊరుకోకూడదు. నౌకల ప్రణాళికలో మత్స్యకారుల్ని చేర్చే పనికి ఆ సమయమే కావాలి.

2012లో గుజరాత్ ప్రభుత్వ చమురు సంస్థ జీఎస్‌పీసీ తవ్వకాల వల్ల వేట పోయిన ముమ్మిడివరం ప్రాంతంలోని పదహారు వేలకు పైగా కుటుంబాల బకాయి పరిహారం 2019 నవంబరు 21న విడుదలైంది. ఏడేళ్లు! ఆ ఏడేళ్లలో వలలు చిరిగి మళ్లీ కొనుక్కున్నారు, అప్పులకు వడ్డీలు కట్టుకున్నారు. పరిహారం న్యాయమే. కానీ పరిహారమన్నది ప్రణాళిక విఫలమయ్యాక ఇచ్చేది. సిబ్బంది పడవ రేవు నుంచి క్షేత్రానికి ఏ దారిలో, ఏ వేళల్లో వెళ్తుందో ఆర్నెల్ల ముందే పటం మీద గీసి ఇస్తే, ఆ దారి తప్పించి వల వేసుకోవడం భైరవపాలెం, బలుసుతిప్ప వేటగాళ్లకు పెద్ద కష్టం కాదు. కష్టమల్లా రోజుకో దారిలో వచ్చే పడవతోనే. ఉత్తర సముద్రంలో నిర్మాణ ప్రాంతాల కాపలాకు చేపల పడవలనే వాటి సరంగులతో సహా అద్దెకు తీసుకుంటారు. అక్కడి ఆనుపానులు వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఇక్కడా అదే చేయాలి.

అయితే సిబ్బంది పడవ నడపాలంటే అనుభవం ఒక్కటే సరిపోదు. అంతర్జాతీయ నావిక శిక్షణ పత్రం, సముద్రంలో ప్రాణరక్షణ శిక్షణ ఉండాలి. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. దగ్గర్లోనే పెద్ద రేవుంది. గాలిమరలు వచ్చాక శిక్షణ మొదలుపెడితే మొదటి పదేళ్ల ఉద్యోగాలు బయటివాళ్లకు పోతాయి.

కాబట్టి తమిళనాడుకైనా, రేపు ఆంధ్రకైనా టెండరు పిలిచేవారికి నా విన్నపం. నౌకల ప్రణాళికను అనుబంధంలో నాలుగు వరుసలుగా కాకుండా పూర్తి అధ్యాయంగా అడగండి. కెరటం హద్దు, నెలవారీ పని దినాలు, పడవల దారులు, నౌక ఆపే అధికారం ఎవరిదో అందులో స్పష్టంగా ఉండాలి. వేట నెలలు, తాబేళ్ల నెలలు, తుపాను నెలలు ఒకే కాగితం మీద కనిపించాలి. ఆ అధ్యాయాన్ని ఆంధ్రలో తెలుగులో, తమిళనాడులో తమిళంలో అచ్చువేసి, టెండరు ఖరారు కాకముందే తీరంలోని ప్రతి మత్స్యకార సంఘం చేతిలో పెట్టండి. వాళ్ల అభ్యంతరాలు విన్నాకే సంతకం చేయండి.